వంటింట్లో నిలబడిన టెంకాయ

మొన్న ఉదయం అనంతపురంలో మా అపార్ట్‌మెంటు గేటు ముందు బోరు లారీ వచ్చి ఆగింది. ఉన్న బోర్లు చాలడం లేదని ఇంకొకటి వేయిస్తున్నారు. లారీ మీది ఉక్కు స్తంభం మెల్లగా పైకి లేస్తుంటే జనం బాల్కనీల్లోకి వచ్చి దేవుడి ఊరేగింపు చూసినట్టు చూశారు. నేను మాత్రం నవ్వు ఆపుకోలేక లోపలికి వచ్చేశాను. బుక్కరాయసముద్రం అవతల పల్లెలో మా చిన్నమ్మ వంటిల్లు గుర్తొచ్చింది.

మా చిన్నాయనకు ఇంటి పక్కనే కొంచెం ఎర్రనేల, అందులో ఒక బోరు ఉండేవి. మోటారు వేయగానే ఆ బోరు కాసేపు దగ్గి, గొంతు సవరించుకుని, బొటనవేలంత ధార వదిలేది. పొద్దెక్కేసరికి అలిసిపోయి ఆగిపోయేది. ఆ నీళ్ళతోనే రాగులు, వంకాయలు, కాసిన్ని టమోటాలు పండించుకుని, మిగతా నేలలో వానను నమ్మి శనక్కాయ వేసుకుని, ఇంటిల్లిపాదీ కడుపునిండా తినేవాళ్ళు. చిన్నాయనకు అంతకన్నా కావాలని ఎప్పుడూ అనిపించలేదు, పక్క చేని ఆయన చీనీతోట, అదే బత్తాయితోట, పెట్టేదాకా. ఆ తోట పచ్చగా ఎదిగినప్పటి నుంచి ఈయనకు తన వంకాయలు మరీ చిన్నవిగా కనిపించసాగాయి. సంగటి ముద్ద చేతిలో పట్టుకుని కిటికీలోంచి అటే చూస్తూ కూర్చునేవాడు. ఒక్క మొక్క కూడా నాటకుండానే ‘చీనీతోట, లోపలికి రావద్దు’ అని రేకు బోర్డు రాయించుకొచ్చాడు. చిన్నమ్మ దాన్ని కోళ్ళగూటికి తలుపు చేసింది. చదువురాని కోళ్ళు నిశ్చింతగా లోపలికి పోయి వస్తుండేవి.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరి, సెలవు మీద వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, చిన్నాయన భూమిలో నీళ్ళు చూసే ఆయన్ని పిలిపించాడు. ఆయన అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా తిరిగాడు. నీళ్ళున్న చోట అది లేచి నిలబడాలి. టెంకాయకు ఆ ఉద్దేశం ఉన్నట్టు కనబడలేదు. ఎండ ముదిరి, దప్పికై, టెంకాయ చేతిలో అట్లాగే ఉండగా ఆయన ఇంట్లోకి వచ్చాడు. వంటింట్లో నీళ్ళబాన ముందుకు వచ్చేసరికి టెంకాయ నిటారుగా లేచి నిలబడింది.

“ఈడుండాది చూడన్నా గంగ. పొంగుతాండాది,” అన్నాడాయన.

“అది మా బానలో నీళ్ళప్పా. పొద్దున్నే నింపినా,” అంది చిన్నమ్మ.

చిన్నాయన ఆ మాట వినే స్థితిలో లేడు. మనసులో అప్పటికే చీనీకాయలు కోసి లారీకి ఎత్తుతున్నాడు. మరుసటి రోజే బోరు లారీ వచ్చింది. డ్రైవరు వంటింట్లోకి తొంగి చూసి, స్తంభం లేపాలంటే పైన మిద్దె కప్పు పడగొట్టాలన్నాడు. “పడగొడదాంలేప్పా. మిద్దెదేముంది, మళ్ళా కట్టుకుంటాం,” అంటూ చిన్నాయన తనే ఉప్పుజాడీ, ఊరగాయజాడీ, పప్పుడబ్బాలు బయటికి మోయసాగాడు. చిన్నమ్మ అరవలేదు. టెంకాయ నిలబడిన చోటనే పీట వేసుకుని కూర్చుని, చింతపండులో ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

“లెయ్‌మే,” అన్నాడు చిన్నాయన.

“లెయ్యను. బోరు ఏసేదుంటే నన్నుగూడా కలిపి ఏసేయండి. ఈడ లోతుకు ఏసి, ఆడుండే బోరు గూడా ఎండిపోతే సంగటికి ఎసరు యాడ్నించి తెస్తావు? చీనీకాయలు పిండి పోస్తావా?”

చిన్నాయన చేతిలోని ఊరగాయజాడీని గడప బయట దించి, బోరు వద్దని డ్రైవరుకు చెప్పేశాడు. అంతవరకూ ఆయనకు ఆ అనుమానమే రాలేదు. వచ్చిన లారీ ఊరికే పోవడమెందుకని పక్క చేని ఆయన దాన్ని తన తోటలోకి పిలుచుకున్నాడు. తోట ఎదిగాక ఆయన బోరూ చాలడం లేదట. సాయంత్రం దాకా నేల అదిరింది. నీళ్ళు పడలేదు. తెల్లటి దుమ్ము మాత్రం లేచి చీనీచెట్ల మీద, చిన్నమ్మ ఆరబెట్టిన వడియాల మీద, మా అందరి తలల మీద ఏ తేడా చూపకుండా పడింది. ఆ అదురుకు తన బోరు ఊట ఎటన్నా మళ్ళిందేమోనని చిన్నాయనకు దిగులు పట్టుకుంది. సంగటి కూడా సరిగా తినలేదు.

తెల్లవారి అందరం బోరు దగ్గర చేరాం. మోటారు వేస్తే దగ్గింది. ఆగింది. మళ్ళీ దగ్గింది. జ్వరమొచ్చిన బిడ్డ నుదురు పట్టుకున్నట్టు చిన్నాయన గొట్టం మీద చెయ్యేసి నిలబడ్డాడు. ధార వచ్చింది, ఎప్పటిలాగే బొటనవేలంత. ఆయన దోసిలి పట్టి ముఖం కడుక్కుంటే, దుమ్ముకు తెల్లబడిన మీసం మళ్ళీ నల్లబడింది.

“మనకిది చాల్లేమే,” అన్నాడు.

“చాలదని నేనెప్పుడంటి? ఆ జాడీలు ఎవురు లోపల పెట్టాల?” అంది చిన్నమ్మ.

జాడీలు ఆయనే పెట్టాడు. చీనీతోట మాట మళ్ళీ ఎత్తలేదు. నేనెప్పుడు వెళ్ళినా మడులు తడిపేసి, బోరు ఆగిపోగానే తనూ గట్టు మీద చేరగిలబడి కనిపించేవాడు. ఇంకో బోరు పని మీద పక్క చేని ఆయన అటుగా పరుగెత్తుతుంటే, “రాన్నా, కూసో కాసేపు,” అని పిలిచేవాడు. “టైము లేదప్పా,” అని ఆయన పోయేవాడు. చిన్నాయన నా వైపు తిరిగి, “ఆయప్పకుండేదీ మనకుండేదీ ఒగటే పొద్దు గదరా,” అని నిజంగానే ఆశ్చర్యపోయేవాడు. చిన్నాయన పక్కన ఏమీ చేయకుండా కూర్చున్న ఆ పొద్దులు ఎంత పొడుగైనవో, రోజులు ఇట్టే అయిపోతున్న ఈ వయసులో నాకు తెలుస్తోంది.