సోమవారం ఇనుము

ఎమ్మెస్సీ రెండో ఏట మా అమ్మ నాకో తెల్లకోటు కుట్టించింది. డెబ్బైల చివరి మాట. మాది మల్కాపురం, నాన్న రేవులో కలాసీ. ఇంట్లో పుస్తకమనేది ఉండేది కాదు. నేను చదివిందంతా లైబ్రరీ చదువే. హైస్కూల్లో ఉండగానే ఊళ్ళోని గ్రంథాలయంలో రసాయన శాస్త్రం బీరువాను పై అర నుంచి కింది అర దాకా చదివేశాను. సగం అర్థం కాలేదు. అర్థం కానిది మళ్ళీ చదివాను. యూనివర్సిటీలో అడుగుపెట్టేసరికి తోటివాళ్ళు వినని సంగతులు నాకు నోటికి వచ్చు. ఆ మాట చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టమే.

కోటు ఇంటికొచ్చిన రోజు అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని గుండీలు తడిమి చూసింది. డాక్టర్లు వేసుకునేది ఇదేనా అని అడిగింది. ఇంచుమించు ఇదేనన్నాను. ఇక ప్రతి ఆదివారం దాన్ని ఉతికి, గంజి పెట్టి, పెరట్లో దండెం మీద ఆరేసేది. ఆరిన కోటు నిలబెడితే నిలబడేది.

బావినీళ్ళలో ఇనుము ఎంతుందో కొలవడం నా ప్రాజెక్టు. నీళ్ళను యాసిడ్‌తో కాచి, ఒక రసాయనం చుక్కలు వేస్తే ఇనుము ఉన్న మేరకు ఎర్రబడతాయి. ఆ ఎరుపును యంత్రంలో పెట్టి అంకె రాసుకోవాలి. మల్కాపురం, గాజువాక, జాలరిపేటల్లో బావులు ఎంచుకుని, సీసాల సంచితో సిటీబస్సుల్లో తిరిగేవాణ్ణి. బావుల దగ్గర ఆడవాళ్ళు నన్ను మున్సిపాలిటీ వాడిననుకుని కుళాయి ఎప్పుడేస్తారని నిలదీసేవారు.

మా ప్రొఫెసర్‌గారు తక్కువ మాట్లాడే మనిషి. ప్రాజెక్టు బాగుంటే తన దగ్గర రీసెర్చికి తీసుకుంటానన్నారు. ఉన్నది ఒక్కటే చోటు.

"నీ చదువు మీద నాకు అనుమానం లేదయ్యా. నీ చేతుల మీదే ఉంది," అన్నారు.

ఆ మాట పంటికింద రాయిలా ఉండిపోయింది.

అంకెలైతే వచ్చాయి. వింతేమిటంటే, సోమవారం చేసిన ఏ నీళ్ళలోనైనా ఇనుము ఎక్కువ. శనివారానికి తగ్గిపోయేది. ఇంకొకడైతే కంగారుపడి ఎవరినైనా అడిగేవాడు. నేను లైబ్రరీకి వెళ్ళాను. సముద్రపు ఆటుపోట్లకు తీరంలోని బావినీళ్ళ గుణం మారుతుందని చదివాను. తుప్పు గురించి, ఇనుము తిని బతికే సూక్ష్మజీవుల గురించి చదివాను. అన్నీ కలిపి ఎనిమిది పేజీల వివరణ రాశాను. ఆటుపోట్లు వారం చూసుకుని రావని మాత్రం నాకు తట్టలేదు.

మా ల్యాబ్‌లో గాజుసామాను కడిగే ఆయనది జాలరిపేట. ఇంట్లో అందరూ చేపల వేటకెళ్ళేవాళ్ళే. ఈయనొక్కడే ఎలాగో ల్యాబ్‌లో చేరి, అక్కడే తల నెరిసిపోయాడు. మేమంతా మావయ్యా అనేవాళ్ళం. ప్రాజెక్టు ఇవ్వడానికి ఇంకా పది రోజులుందనగా, ఒక సోమవారం నా బీకర్లు తీసుకెళ్తూ ఆగాడు.

"బాబూ, మిగతావోళ్ళు రోజూ ఉత్తనీళ్ళు కూడా ఓ బీకర్లో పెట్టి కాత్తారు. నువ్వు కాయవేటి?"

ఆయనడిగింది బ్లాంక్ గురించి. ఏ ఇనుమూ లేని డిస్టిల్డ్ వాటర్‌తో అదే పరీక్ష చేసి, వచ్చిన అంకెను బావినీళ్ళ అంకెలోంచి తీసెయ్యాలి. నేను మొదటి రోజే చేశానని, దాదాపు సున్నా వచ్చిందని, దాన్నే వాడుకుంటున్నానని చెప్పాను. రోజూ చెయ్యమని పుస్తకంలో లేదని కూడా అన్నాను.

"పుస్తకం రాసినోడు మన ఊరొచ్చి రాసేడేటి? కాయి, సూద్దాం."

కాచాను. చుక్కలు వేశాను. ఉత్తనీళ్ళు బావినీళ్ళలాగే ఎర్రబడ్డాయి.

నీళ్ళు మార్చాం, యాసిడ్ మార్చాం, బీకరు మార్చాం. ఎరుపు పోలేదు. చివరికి మావయ్య నా చెయ్యి పట్టుకుని కోటు చేతి అంచు మడత విప్పాడు. లోపల గంజి పెచ్చులు, వాటికంటుకుని సన్నటి ఎర్రపొడి.

"మీది మల్కాపురం కదేటి. మా మరదలిల్లూ అక్కడే. దండెం మీద ఏసిన సీర సాయంత్రానికి రంగు మారిపోద్ది."

రేవులో ఓడలకెక్కించే ఇనుపరాయి దుమ్ము అది. మా వీధిలో అందరి బట్టలమీదా పడేదే కాబట్టి మేం దాన్ని చూడటం ఎప్పుడో మానేశాం. తడిగంజి దాన్ని పట్టుకునేది. సోమవారం నేను బీకరు మీదికి వంగినప్పుడల్లా రాలేది. వారం గడిచేకొద్దీ రాలేది తగ్గేది. మొదటి రోజు కోటు కొత్తది, ఇంకా దండెమెక్కలేదు. అందుకే ఆ బ్లాంక్ అంత శుభ్రంగా ఉంది.

మూడు నెలల పని పోయింది. నోట్‌బుక్ పట్టుకుని ప్రొఫెసర్‌గారి గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను, కనిపెట్టింది మావయ్యేనని కూడా చెప్పాను. ఆయన నా ఎనిమిది పేజీలూ ఓపిగ్గా చదివారు. చింపేస్తానన్నాను. వద్దన్నారు. ఒక అడ్డగీత గీసి ఉంచమని, పది రోజుల్లో ఎన్ని బావులైతే అన్ని మళ్ళీ చెయ్యమని చెప్పారు. రీసెర్చి మాట ఎత్తలేదు.

వారమంతా మావయ్య ఇచ్చిన పాత కోటు వేసుకుని పనిచేశాను. దానికి యాసిడ్ చిల్లులే ఎక్కువ. ఆదివారం అమ్మ అడిగింది.

"కోటేదిరా? ఎండ పోతంది."

ల్యాబ్‌లోనే ఉంచమన్నారని అబద్ధం చెప్పాను.

"నా ఉతుకు బాగోలేదన్నారేటి?"

ఇక దాచలేకపోయాను. సంచిలోంచి కోటు తీసి అంతా చెప్పాను. అమ్మ పెరట్లోకెళ్ళి దండెం మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకుంది. తర్వాత కోటును రెండుసార్లు ఉతికి, గంజి పెట్టకుండా వంటింట్లో తాడు కట్టి, తలుపులు మూసి ఆరేసింది. కోటుకి పొగ పడుతుందని ఆ పూట వంట చెయ్యనంది. చద్దన్నం తిన్నాం.

సోమవారం ఆ కోటే వేసుకుని ముందు ఉత్తనీళ్ళు కాచాను. మావయ్య పక్కనే నిలబడ్డాడు. చుక్కలు వేస్తే నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. గడువులోపల ఆరు బావులు పూర్తిచేశాను. ప్రొఫెసర్‌గారు అంకెల కన్నా ముందు ఏ రోజుకా రోజు చేసిన బ్లాంకులు చూసి, సెలవులయ్యాక రీసెర్చికి వచ్చి చేరమన్నారు.

చోటు దొరికిందన్న కబురుకు అమ్మ సంతోషించింది గానీ, ఆమె బాగా గుర్తుపెట్టుకున్నది ఆ సోమవారం సాయంత్రాన్నే. ఆ రోజు నేనింకా చెప్పులు విప్పకముందే, కోటుకి ఎంతొచ్చిందని అడిగింది. సున్నా వచ్చిందన్నాను. అమ్మ ముఖం వాడిపోయింది. ఆ ఒక్క పరీక్షలో సున్నాయే ఫస్టుక్లాసని ఆమెకు నచ్చజెప్పేసరికి చాలాసేపు పట్టింది.