మాట ఆమెది, పేరూ ఆమెదే

మొన్న మంగళవారం ఉదయం బోరబండలో మా వీధి అక్క కన్నుమూశారు. హైటెక్ సిటీలోని ఒక కార్యాలయంలో మూడో అంతస్తు ఊడ్చి తుడవడం ఆమె పని. తెలంగాణ ఉద్యమకాలంలో నేను మా వీధిలోనే ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. కంప్యూటరు పని సొంతంగా నేర్చుకుంటూ, తెలిసిన ప్రతిదాన్నీ కాగితంపై రాసి, వరుస సంఖ్య వేసి గోడకు అంటించేవాణ్ణి.

"గోడను గూడ పరీక్షకు కూసోబెడుతున్నవా తమ్మీ?" అనేవారు అక్క.

బంద్‌లతో నష్టపోయేది కూలీలేనని తమ ఆఫీసువాళ్లు ఇంటర్నెట్‌లో వాదించుకుంటున్నారని విని, ఒక సాయంత్రం పని నుంచి నేరుగా నా దగ్గరకు వచ్చారు.

"మా ముచ్చట మాట్లాడేటోళ్లు మమ్మల్ని అడిగిన్రా? రాయి. బంద్ అయితే నా కూలి పోతది. అయినా తెలంగాణ కావాలె. రెండూ రాయి."

ఆమెకు ఖాతా లేదు గనుక ఆ చర్చలో నా పేరుతో పెట్టాను. అది తప్పని నాకు తోచనే లేదు. 'బాగా రాశారు సార్' అన్న జవాబులను మర్నాడు చదివి వినిపిస్తే అక్క ముఖం మాడిపోయింది.

"మాట నాది, పేరు నీదా? బడి హాజరు పుస్తకంల ఎట్లాగూ ఎక్కలే. గిందుల గూడ ఎక్కదా?"

దాన్ని తీసివేసి, ఆమె పేరిట ఖాతా తెరవడానికి కూర్చున్నాం. పుట్టిన తేదీ ఆమెకు తెలియదు. "ఇయ్యాల్నే అని పెట్టు," అన్నారు. సంవత్సరం మాత్రం ఇద్దరం కలిసి అంచనా వేశాం. తన పేరులోని అక్షరాలను నేను చూపిస్తుంటే తానే ఒక్కొక్కటిగా నొక్కారు. అవే మాటలు ఈసారి ఆమె పేరుతో పెట్టాను.

ఇది దొంగ ఖాతా అని, ఊడ్చేవాళ్లు ఇలా రాయరని ఎవరో జవాబిచ్చారు. "మూడో అంతస్తుకు రమ్మను. పొద్దుగాల ఆడ్నే ఉంట," అని రాయించారు అక్క.

ఆ జవాబు రాసిన కుర్రాడు నిజంగానే వచ్చాడట. "అది రాసింది మీరేనాండీ?"

"నేనే సారూ. జర పక్కకు జరుగు, తడి ఉంది. జారిపడితే దానిమీద గూడ రాస్తవు."

అతను క్షమించమని రాసిన రెండు వాక్యాలను నాచేత మూడుసార్లు చదివించుకున్నారు. తరువాతి ఆదివారం మరో నలుగురు పనివాళ్లను వెంటబెట్టుకొచ్చారు. మాటలు నేను టైపు చేయవచ్చు. పేరు మాత్రం ఎవరిది వారే నొక్కాలి. అది ఆమె పెట్టిన నియమం.

తరువాత అందరికీ ఫోన్లు వచ్చాయి, నా సెంటర్ మూతపడింది. "రాసేటోళ్లు ఎక్కువైన్రు తమ్మీ. ఇనేటోళ్లు గూడ వస్తరు, ఫికర్ చెయ్యకు," అన్నారు ఇటీవల.

మంగళవారం మధ్యాహ్నం ఆమె గుమ్మం ముందు, నీలిరంగు యూనిఫాం చీరల్లోనే వచ్చిన ఆడవాళ్లు అక్క పోయిన కబురును ఫోన్‌లో పెట్టారు. కింద పేర్లు చేర్చడానికి ఫోన్ చేతులు మారుతోంది. అందరిలో పెద్దామె వంతు వచ్చింది. పూలు చల్లిన చేతి తడికి తెర పలకలేదు. ఆమె వేలిని కొంగుకు తుడుచుకుని, తన మొదటి అక్షరం కోసం వెతకసాగింది. వెనకున్నవాళ్లు ఎవరూ తొందరపెట్టలేదు.