డ్రిల్లులో నిద్రపోయిన పేషెంటు

ఈ రోజు మధ్యాహ్నం మెదక్ అంతా వానలో నానుతుంటే, దవాఖానలో నర్సు ట్రైనీలమైన మాకు పని నేర్పే సిస్టరమ్మ డ్రిల్లు పెట్టింది. కాన్పయిన తల్లికి రక్తం ఆగడం లేదని అనుకోవాలి. నేను నర్సును, సిస్టరమ్మ నా చేతికింది మనిషి. తల్లి వేషం ఆయా మరియమ్మది. పొద్దున్నుంచి వార్డులు కడిగి కడిగి వచ్చి మంచమెక్కింది.

కాళ్ల వైపు మంచం ఎత్తు చేయించాలి.

"సిస్టరమ్మా, జర ఇటుకలు పెడ్తరా?" అన్నాను.

"పానం పోతుంటే గిట్ల బతిమాలుతవా పిల్లా? హుకుం చెయ్యి! రేపటి సంది నీకు కాన్పుల వార్డు."

మళ్లీ చెప్పాను. మళ్లీ "జర" వచ్చింది. పెద్దవాళ్లకు హుకుం చెయ్యడానికి నా నాలుక ఒప్పుకోదు. చివరికి ఆమే విసుక్కుంటూ ఇటుకలు పెట్టింది. ఇంతలో వానలోంచి చర్చి గంట మెత్తగా వినిపించింది. చూస్తే మరియమ్మ నిజంగానే నిద్రపోయింది.

"ఇంకేం చెయ్యాల్నో గట్టిగ చెప్పు!" అని సిస్టరమ్మ అరిచింది.

"చప్పుడు చెయ్యకుండ్రి. ఇటుకలు తియ్యుండ్రి. మెల్లగ," అన్నాను.

సిస్టరమ్మ వెంటనే వంగి ఇటుకలు తీసింది. మంచం ఒడ్డుకు చేరే పడవలా నేలకు దిగింది. మరియమ్మ ఊపిరి వింటూ ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. వార్డంతా ఆమె కలలోనే ఉన్నట్టనిపించింది.

సాయంత్రం చాయ్ దగ్గర మరియమ్మ అడిగింది: "నేను బతికిన్నా, బిడ్డా?"

బతికినవన్నాను. రేపు అసలు తల్లి ముందు "జర" లేని ఆ గొంతు మళ్లీ వస్తుందంటారా? ఈ కాగితం హాస్టలు గోడకు అంటిస్తున్నాను. మీరేమంటరో కింద రాయుండ్రి, జర.