పలకని జీ

మా ఇంట్లో ఇంగ్లీషుకు నేనే పెద్దదిక్కు. ఉదయగిరిలో తెలుగు మీడియంలోనే డిగ్రీ చేసి, ఆ తర్వాత లావుపాటి డిక్షనరీ ముందేసుకుని, ఎవరూ వాడని మాటలన్నీ ఏరుకుని నేర్చుకున్నాను. అర్థాలు కంఠతా వచ్చేవి. పలకడం మాత్రం నాకు తోచినట్టు. కేయాస్‌ను చావోస్ అనేదాన్ని, కర్నల్‌ను కలొనెల్ అనేదాన్ని. తప్పని చెప్పేవాళ్ళు చుట్టుపక్కల లేరు, చెబితే వినే రకాన్నీ కాను. సాయంత్రం కొండనీడ మా మిద్దె మీదికి పాకేదాకా ఆ మాటల్లోనే తేలుతూ ఉండేదాన్ని.

కిందటేడు అమ్మ మెడ మీద గడ్డ లేచింది. నెల్లూరులో సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపారు. మళ్ళీ వెళ్తే డాక్టరు కంప్యూటరులో చూసి, "బినైన్. ఆర్నెల్ల తర్వాత ఒకసారి చూపించుకోండి" అని, తర్వాతి రోగిని లోపలికి పిలిచాడు. రిపోర్టు సాయంత్రం ఫోనుకు పంపుతామన్నారు. అంతా తెలిసినట్టే తలూపి బయటికొచ్చాను. ఆ మాట నేను జన్మలో వినలేదు.

బస్సు సంగం దాటేదాకా పచ్చటి వరిమళ్ళు, కొంగలు, కిటికీలోంచి చల్లటి గాలి. ఎవరి కలలోనో ప్రయాణం చేస్తున్నట్టుంది. ఫోనులో వెతకొచ్చు. కానీ అమ్మ భుజం నా భుజానికి ఆని ఉంది. చెడ్డమాటైతే నా మొహం చూసి ఇట్టే పసిగడుతుంది. నాకు చాలా భయంగా ఉంది.

అమ్మ ఏమీ అడగలేదు. బయటికి చూస్తూ, "నేను కాపరానికి వచ్చినప్పుడు ఈ రోడ్డు ఇంత వెడల్పు లేదు" అంది. మళ్ళీ తనే, "మీ నాయనకు సంగటి మెత్తగా ఉండాల. గట్టిగా ఉంటే తినడు, నోరు తెరిచి చెప్పడు. గుర్తు పెట్టుకో" అంది. ఇప్పుడెందుకు చెబుతోందో ఆలోచించే స్థితిలో నేను లేను.

ఆత్మకూరు బస్టాండులో నీళ్ళసీసా వంకతో దిగాను. అంగడి పక్కన నిలబడి, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, దొంగలా "బినైన్" అన్నాను. తెర మీద అక్షరాలు వచ్చాయి. బి, ఇ, ఎన్, ఐ, జి, ఎన్.

ఓరి దేవుడా, ఇది నా బెనిగ్నే! ఏళ్ళ తరబడి నేను వల్లించిన మాట. దయగలది, చల్లనిది అని అర్థం. గడ్డల విషయంలో అయితే ప్రాణానికి ముప్పు లేనిది. అందులో జీ పలకదట. ఇన్నాళ్ళూ దాన్ని నేనే బలవంతాన పలికించాను. బొత్తాం నొక్కి మళ్ళీ మళ్ళీ విన్నాను. అంత తీయటి మాట ఇంగ్లీషులో ఇంకోటి లేదనిపించింది. నీళ్ళు కొనడం కూడా మరిచి బస్సులోకి పరిగెత్తాను.

"అమ్మా, ఏం భయం లేదంట. మంచి గడ్డేనంట!"

అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. "నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు. డాక్టరన్న మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడే ఫోన్లో చూసినా."

"నీకు అర్థం కాలేదా?" అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతుంటే నవ్వుతోందనుకున్నాను.

"నీకు తెలీని మాట ఉంటాదని నాకేం తెలుసు మే? తెలిసే దాస్తా ఉండావనుకున్నా. నెల్లూరు కాడి నుంచి ఒక్కో ఊరికీ పోయొస్తానని చెప్పుకుంటా వచ్చినా."