నాకా దాటిన మిస్త్రీ కాకా

మిస్త్రీ కాకా పోయాడన్న సంగతి మా పేటలో అందరికంటే ముందు బీటు పోలీసుకు తెలిసింది. కాకా మీద కన్నేసి ఉంచమనే చట్టం పోయినా ఆ పోలీసు పొద్దున్నే మా గల్లీలోకి రావడం మానలేదు. గల్లీలో మంచం వేసుకుని పడుకున్న కాకా దగ్గరికి వచ్చి, కర్రతో మంచం కోడును తట్టి, కాకా కళ్ళు తెరిచాక ముందుకు పోయేవాడు. ఆ రోజు తట్టి, మళ్ళీ తట్టి, నిలబడిపోయాడు. తర్వాత మా తలుపు కొట్టి, "అక్కా, మీ మిస్త్రీ లేస్తలేడు, జర చూడుండ్రి" అన్నాడు. జ్వరంతో పడుకున్న మనిషి అట్లాగే పోయాడు.

మన రీడింగ్ రూమ్ గోడకు అంటించే ఈ కాగితంలో ఆయన గురించి ఎవరైనా రాస్తారేమోనని చూశాను. ఎవరూ రాయలేదు. నేను నాలుగో క్లాసుతో బడి మానేసి మగ్గం ముందు కూర్చున్నవాణ్ణి. నలుగురిలో నాకు నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు దిద్దుకుని చదవండి.

ఆయన్ను ఎరగనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మన సోలాపూర్ బయట తీగ కంచె వేసిన సెటిల్మెంట్ ఉంది కదా. కొన్ని కులాల్లో పుట్టినవాళ్ళందరూ పుట్టుకతోనే దొంగలని సర్కారు చట్టంలో రాసిపెట్టి, పెళ్ళాం పిల్లలతో సహా తెచ్చి అందులో ఉంచింది. కాకా పెరిగింది ఆ కంచెలోనే. మిల్లులో పనికి పోయి ఇనుప పని నేర్చుకున్నాడు. నడత బాగుందని పెద్దయ్యాక కంచె బయట ఉండనిచ్చారు. మా ఇంటి వెనక గది కిరాయికి తీసుకున్నాడు. కానీ రోజూ సాయంత్రం పోలీసు చౌకీకి పోయి హాజరీ వేయించుకోవాలి. ఊరి చివర సరుకు బండ్ల దగ్గర సుంకం వసూలు చేసే నాకా ఉంది చూడండి, పాసు లేకుండా దాన్ని దాటకూడదు.

ఆయన ఏ వస్తువూ మూట కట్టి తేవడం నేను చూడలేదు. బజారు నుంచి వంకాయలు తెస్తే రెండు చేతుల దోసిట్లో పట్టుకుని, ప్రసాదం తెస్తున్నట్టు వచ్చేవాడు. జారిపడితే వంగి ఏరుకునేవాడు. మా అమ్మ బీడీలు చుడుతూ నవ్వేది.

"ఏంది మిస్త్రీ, వంకాయలకు ఊరేగింపా?"

"మూట కడితే విప్పి చూపెట్టాలె వదినే. గిట్లయితే అందరికి ముందే కనబడ్తయి."

మనుషులు లేని ఇంట్లోకి అడుగుపెట్టేవాడు కాదు. నేను ఒక్కణ్ణే ఉన్నప్పుడు మగ్గం బాగుచేయడానికి వస్తే, అమ్మ వచ్చేదాకా వాకిట్లో ఎండలోనే నిలబడేవాడు. లోపలికి రా కాకా అంటే, "నువ్వున్నవు, గని నువ్వు చిన్నోడివి. సాక్షికి పనికి రావు" అనేవాడు. అది పరాచికమనుకుని నేను నవ్వేవాణ్ణి. ఆయన కూడా నవ్వేవాడు, కానీ గడప దాటేవాడు కాదు.

యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్ళు వేలం వేసిన జీపొకటి దుప్పట్లు నేసే మా చాదర్ల కార్ఖానా సావుకారి కొన్నాడు. వానాకాలం నల్లరేగడిలో ఎడ్ల బండ్లు దిగబడి సంతలకు సరుకు పోయేది కాదు. ఈ జీపుకు నాలుగు చక్రాలూ గుంజుతాయట, బురదలో ఆగదట అని ఊరంతా చెప్పాడు. తీరా చూస్తే వెనక చక్రాలే గుంజుతున్నాయి. ముందు ఇరుసు లోపలి కడ్డీ విరిగిపోయి, ముందు చక్రాలు ఊరికే దొర్లుతున్నాయి. దాన్ని కాకా ముందు పెట్టి, "దీన్ని నిలబెట్టు" అన్నాడు సావుకారి.

పాత మగ్గం షాఫ్టు కోసి కాకా మొదటి కడ్డీ చేశాడు. అది బురదలో తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగింది. లారీ తుక్కులోంచి గట్టి ఇనుము తెచ్చి రెండోది చేశాడు. అది ఎక్కువ కాలి పెళుసై పటుక్కున విరిగింది. సావుకారి వచ్చినప్పుడల్లా గిచ్చేవాడు.

"ఏం మిస్త్రీ, జీపు జేస్తున్నవా, జీపుకు తద్దినం బెడ్తున్నవా?"

"తద్దినం అయితే గింతసేపు పట్టదు సావుకారీ."

తర్వాతి కడ్డీని ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ సన్నటి సెగ మీద పెట్టి, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని రంగు మారేదాకా చూశాడు. అది నిలిచింది. నాకాకు ఇవతల ఉన్న రేగడి చేలో వాన పడ్డాక జీపు దించాడు. వెనక చక్రాలు గుంత తవ్వుకుని, బండి పొట్టదాకా కూరుకుపోయింది. అప్పుడు చిన్న లీవరు ముందుకు తోశాడు. ముందు చక్రాలు మట్టిని గోళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుని, బండి మెల్లగా పైకొచ్చింది. నేను గట్టిగా అరిచాను.

"కాకా, ఇగ ఇది యాడికన్న పోతది!"

"పోతది. నేనే నాకా దాక పోత" అన్నాడు స్టీరింగు తుడుస్తూ.

ఆయనకు ఒక్కతే కూతురు. తల్లి లేని పిల్ల. భీమా నది అవతల ఇంకో సెటిల్మెంట్లో ఉన్నవాడికి ఇచ్చి చేశాడు. పెళ్ళయినప్పటి నుంచి చూడలేదు. మనవడు పుట్టాడని కబురు వచ్చింది. పాసు అడిగితే, "తొందరేంది? కూతురు యాడికి పోతది, ఆడ కూడ కంచె ఉంది గద" అని చౌకీలో నవ్వారట. ఆ మాట మాకు చెప్పి తను కూడా నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

దేశానికి స్వాతంత్య్రం వచ్చాక కూడా ఆ హాజరీ నడిచింది. చివరికి ఈ వానాకాలంలో ఆ చట్టం తీసేశారు. చాయ్ హోటల్లో అదే మాట. ఒక ముసలి నేతగాడు గ్లాసు కింద పెట్టి, "ఇగ దొంగెవడో దొరెవడో ఎట్ల దెలుస్తదిరా?" అన్నాడు.

మా నాయన అన్నాడు, "దొంగతనం జేసినోడు దొంగ. గింతే గద."

"గట్లయితే పోలీసోల్లకు పని పెరుగుతది పో!"

అందరూ నవ్వారు. హోటల్ బయట నిలబడి చాయ్ తాగుతున్న కాకా మెల్లగా అన్నాడు. "చేసినదానికి జైలైతే దినాలుంటయన్నా. పుట్టినదానికైతే దినాలుండవు." నాకు అప్పటి నుంచి ఆ మాట మగ్గం నేస్తున్నంతసేపూ వినబడుతూనే ఉంది.

సావుకారి మంచి పని చేశాడు. నది అవతలి సంతకు చాదర్లు పంపుతూ, జీపు కాకాకే ఇచ్చి, బిడ్డను చూసి రమ్మన్నాడు. సరుకు కాయడానికి నేను వెంట పోయాను. అమ్మ జొన్నరొట్టెలు, పల్లీల కారం కట్టిచ్చింది. కాకా మనవడికి చిన్న చాదర్ కొని, మడత విప్పి భుజం మీద వేసుకున్నాడు.

నాకా దగ్గర బండి ఆపి దిగి నిలబడ్డాడు. గుమాస్తా లోపలి నుంచి కేకేశాడు. "దిగినవేంది కాకా? పో, పో!" కాకా ఎక్కాడు. బండి నాకా దాటింది. నేను ఆయన మొహం చూశాను. సంతోషం ఉంటుందనుకున్నాను. చెమటలు పట్టి ఉన్నాయి.

దారంతా బురద. ఎడ్ల బండ్లు దిగబడి ఉన్న చోట మా జీపు నాలుగు చక్రాలతో పాకుతూ పోయింది. ఒక ఊరు వచ్చింది. కాకా చావడి ముందు బండి ఆపాడు.

"ఎందుకాపినవ్ కాకా?"

"కొత్త ఊరు. పోలీసు పాటిల్‌కు చెప్పాలె."

"గిప్పుడు అక్కర్లేదట గద!"

"అక్కర్లేదు. చెప్పి పోతె మంచిది."

పాసు మీద ప్రయాణం చేసేవాళ్ళు దారిలో వచ్చే ప్రతి ఊళ్ళో సర్కారు తరఫు ఊరిపెద్ద అయిన పాటిల్‌కు చెప్పి పోవాలన్నది పాత కట్టడి. కాకా పోయి తన పేరు, సెటిల్మెంట్ పేరు చెప్పి, వేలిముద్రకు బొటనవేలు కూడా చాపాడు. పాటిల్ ఆయన్ను పైనుంచి కిందికి చూశాడు. ఆ పొద్దున్నే ఊళ్ళో ఎవరివో మేకలు కనబడకుండా పోయాయి. "ఆ చెట్టు కింద కూర్చో, మేకల సంగతి తేలనీ" అన్నాడు మరాఠీలో.

కాకా కూర్చున్నాడు. కట్టెయ్యలేదు, తాళం వెయ్యలేదు. బండి తాళంచెవి కాకా చేతిలోనే ఉంది. పోదాం కాకా అని నేను చెవిలో చెప్తే, "కూసోమన్నడు గద" అన్నాడు. నేను తీసిన రొట్టె ముట్టలేదు. ఊరి పిల్లలు వచ్చి కాసేపు జీపును, కాసేపు ఆయన్నూ చూసి పోయారు.

పొద్దు వాలే వేళకు మేకలు వాటంతట అవే మేసి ఇంటికొచ్చాయి. పాటిల్ చెడ్డవాడు కాదు. మజ్జిగ తెప్పించి ఇచ్చి, "చట్టం పోయిందని నేనూ విన్నాను. నువ్వే వచ్చి చెప్పావు. చెప్పకపోతే నిన్ను ఎందుకు ఆపేవాణ్ణి?" అన్నాడు. కాకా మజ్జిగ తాగి, గ్లాసు కడిగి ఇచ్చి, బండెక్కాడు.

ఊరు దాటాక, రోడ్డు పక్కన బండి ఆపాడు. ఇంజను ఆపలేదు.

"ముంగట ఇంకెన్ని ఊర్లున్నయిరా?"

"తెల్వదు కాకా. నది దగ్గరికే వచ్చినం. పోదాం."

"ఊరూరికి దిగాలె. దిగితె కూసోబెడ్తరు."

"దిగకు! ఎవ్వలడిగిండ్రు నిన్ను? దిగకు కాకా!"

నేను అట్లా ఎదురు చెప్పడం ఆయన ఎప్పుడూ వినలేదు. నా మొహం చూసి, "నీకు నోరొచ్చింది, మంచిగైంది. దిగకుంట పోదామంటె నాకు చెయ్యి సాగుతలేదు బిడ్డా" అన్నాడు.

లీవరు ముందుకు తోసి, స్టీరింగు మొత్తం తిప్పి, రోడ్డు కింది రేగడిలోకి దించి, జీపును సోలాపూర్ వైపు మళ్ళించాడు. అంత బురదలోనూ ఒక్క చక్రం జారలేదు. నాకా కనబడింది. అప్పుడన్నాడు, "నా బిడ్డ ఎన్నడన్న వస్తె చెప్పు. బండి మంచిదే అని."

ఆయన జ్వరంతో పడుకున్నది ఆ తర్వాత కొన్నాళ్ళకే.

కబురందేసరికి ఆలస్యమై, మట్టిచ్చేశాక కూతురు వచ్చింది. నా వయసు పిల్లలాగే ఉంది, వెంట నడక వచ్చిన కొడుకు. మా అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతూ, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ అడిగింది.

"చౌకీల చెప్పి వచ్చినవా బిడ్డా?"

"లేదు పెద్దమ్మా. ఎవ్వలకు చెప్పలే. బస్సెక్కిన, వచ్చిన."

అమ్మ ఆమెను పట్టుకుని, కాకా ఆమె కోసం బయల్దేరి సగం దారిలో తిరిగొచ్చిన సంగతి చెప్పి ఏడ్చింది. ఆ పిల్ల ఏడవలేదు. కొంగుతో కొడుకు మొహం తుడిచి, నా వైపు తిరిగి అడిగింది. "మా నాయిన యాడిదాక వచ్చిండు?"

మరునాడు ఆమె తిరుగు ప్రయాణంలో నేనూ బస్సెక్కాను. కాకా చెప్పమన్న మాట చెప్పాను. ఆ పాటిల్ ఊరు దాటాక కండక్టరును బతిమాలి బస్సు ఆపించాం. వానలు ఆగి చాలా రోజులైంది. రేగడి నెర్రెలిచ్చి రాయిలా ఎండింది. రోడ్డు కింద జీపు చక్రాల జాడలు అచ్చు పోసినట్టు అట్లాగే ఉన్నాయి. నదివైపు పోతూ పోతూ, ఒక చోట వంపు తిరిగి, వెనక్కి వచ్చాయి. ఆమె ఆ వంపు దగ్గర కూర్చుని చెయ్యి పెట్టి చూసింది.

చక్రం జాడ లోతుగా ఉంది. పిల్లవాడు అందులోకి దిగి, రెండు పక్కలా చేతులు ఆనించి, పడకుండా నడిచాడు. వంపు వచ్చింది. వాడు తిరగలేదు. అంచు మీద మోకాలు పెట్టి పైకెక్కి, నదివైపు తిన్నగా పోతూనే ఉన్నాడు. కండక్టరు విజిల్ వేస్తున్నాడు. తల్లి వాణ్ణి పిలవలేదు.