ఆ సంచి మాది గాదన్న

గుండెల మీద ఒక బరువు పెట్టుకొని ఏండ్లకేండ్లు బువ్వ తిన్న, మగ్గం నేసిన, పెండ్లిళ్లకు పోయిన, అందరితోని నవ్విన. ఎవ్వలకూ కనవడలే. ఇది సదివే నువ్వెవరో నాకు తెల్వదు. నేనెవరో నీకు తెల్వద్దు. అందుకే నీకు చెప్తాన. జర మెల్లగ చెప్త, భయమైతాంది.

మాది కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇల్లు. సదువు తక్కువ, రాతల తప్పులుంటే ఏమనుకోకు.

మా గల్లీల ఒక రివాజున్నది. నేసేటప్పుడు తెగిన నూలు ఎవలం పారెయ్యం. ఓ సంచిల ఏసి మూలకు పెడ్తం. శుక్రవారం నమాజు అయినంక యాకూబ్ వచ్చి సంచి తీస్కపోయేటోడు, ఖాళీ సంచి ఇచ్చిపోయేటోడు. గల్లీ చివర షెడ్డుల ఆ నూలు కూరి మెత్తలు, పరుపులు కుట్టేటోడు. సంచి ఇప్పి చూసేది లేదు, అడిగేది లేదు. నన్ను అక్కా అనేటోడు, మా ఆయనను బావా అనేటోడు. మంచంల వడ్డ మా అత్తను నవ్వియ్యకుండ గడప దాటకపోయేటోడు.

"పెద్దమ్మా, నీకో మెత్త కుట్టిస్త, దొరసాని లెక్క పండు."

"నీ మెత్తలల్ల నూలు కన్న నీ ముచ్చట్లే ఎక్కువుంటయి, పోరా."

అత్తకు క్యాన్సర్ ఎముకలల్లకు పాకింది. పెద్ద దవాఖానకు తిప్పినం. ఆ నొప్పికి గట్టి గోలీలు ఉంటయట, గని అన్ని షాపులల్ల అమ్మరట, దానికి సర్కారు కాయితాలు కావాల్నట. గోలీలు ఇయ్యాల రాలేదు, మళ్ల రాండ్రి అన్నరు. ఇంటికి తెచ్చుకున్నం. ఆమె మూలుగుడు ఇంటాంటే నా చేతులు మగ్గం మీద ఆగిపోయేటియి. అప్పుడే మా అమ్మగారి ఊరామె ఒకామె పొట్లం తెచ్చిచ్చింది. గంజాయి ఆకు. మిరప చేనుల నడుమ దొంగతనంగ పెంచిందట. జరంత పాలల్ల కలిపి తాగిచ్చిన. అత్త కండ్లు మూసి పండుకున్నది. లేచి పప్పుచారు అడిగింది. నేను వంటింట్లకు పోయి ఏడ్సిన, సంతోషంతోని.

మా ఆయనకు చెప్పలే. ఆయనకు పోలీసు టోపీ చూస్తేనే చెమటలు వడ్తయి. పొట్లం ఎక్కడ దాయాలె? మగ్గం గుంతల ఆయన కాళ్లుంటయి. వంటింట్ల బిడ్డ తిరుగుతది. నూలు సంచి జోలికి ఎవలూ పోరు గదా అని అండ్ల అడుగున పెట్టిన, శుక్రవారం యాకూబ్ రాకముందే తీద్దామనుకున్న.

ఆ శుక్రవారం నేను రేషన్ షాపు కాడ ఉన్న. యాకూబ్ వచ్చిండు. మా ఆయన ఎప్పటి లెక్కనే సంచి చేతికిచ్చిండు.

ఇంటికొచ్చి చూస్తే మూలకు ఖాళీ సంచి. అడుగుదాక చెయ్యి పెట్టి తడిమిన. ఉర్కి పోయి, తమ్మీ అండ్ల నాదొక పొట్లమున్నది, ఇయ్యి అంటే అయిపోయేది. ఎందుకు పోలే? సిగ్గైంది. తెల్లారి పోదామనుకున్న. తెల్లారి పోలీసోళ్లు వచ్చిండ్రు. గల్లీల పోరగాండ్లు గంజాయి తాగుతాండ్రని ఎవలో చెప్పిండ్రట, కుక్కను పట్టుకొచ్చిండ్రు. ఆ కుక్క సక్కగ యాకూబ్ షెడ్డులకు పోయింది.

పొట్లం దొరికిన సంచినీ, యాకూబ్‌నూ మా ఇంటి ముందటికి తెచ్చిండ్రు. గల్లీ అంతా గుమిగూడింది. సంచి మూతికి నేను కట్టిన ఎర్ర పోగు ఇప్పినా ఇంకా ఏలాడుతాంది.

"ఇది మీ ఇంట్ల నుంచే తెచ్చిన అంటాండు. మీదేనా?" అన్నడు సారు.

"అందరిండ్లల్ల గిసొంటి సంచులే ఉంటయి సార్. మాది గాదు."

"అక్కా, జర మంచిగ చూడు," అన్నడు యాకూబ్. "బావ ఇచ్చిండు గదా నిన్న."

మా ఆయన నోరు తెరువవోయిండు. నేను ఆయన చెయ్యి గట్టిగ పట్టుకున్న.

"చూసిన తమ్మీ. మాది గాదు. మాది ఇంట్లనే ఉన్నది."

యాకూబ్ ఇచ్చిపోయిన ఖాళీ సంచినే చూపెట్టిన. యాకూబ్ నా దిక్కు చూసిండు. ఎనుక మంచంల అత్త దిక్కు చూసిండు. ఆమె మూలుగుడు ఈ నడుమ ఎందుకు తగ్గిందో యాకూబ్‌కు అప్పుడు సమజైందేమో.

"సరే అక్కా," అన్నడు. అంతే.

ఆ మాట నన్ను ఇయ్యాల్టికీ పండనిస్తలేదు. తిడితే బాగుండు. మా ఆయన గూడ పోలీసు భయానికి ఆ సంచి ముచ్చట మళ్ల ఎత్తలే.

పోరగాండ్లకు అమ్మేటోడని రాసి యాకూబ్‌ను జైల్ల ఏసిండ్రు. చాన్నాళ్లకు బెయిలు మీద వచ్చిండు. ఆయన భార్య ఆటోల మీద హనుమకొండ కోర్టుకు తిరిగి తిరిగి సగమైంది. ఆయనకు నూలు ఇచ్చుడు గల్లీ అంతా బందు వెట్టింది. నేను గూడ బందు వెట్టిన. నేనొక్కదాన్నే ఇస్తే ఎవలకన్న అనుమానం వస్తదని. చూసినవా? ఒక్కసారి చేసిన తప్పు అని చెప్పుకునేటందుకు గూడ లేకుండ చేసుకున్న.

పొట్లం పోయినంక అత్త నొప్పి మళ్ల లేచింది. ఆ పాలేవి బిడ్డా అని అడుక్కుంట అడుక్కుంటనే పోయింది. నేను జైలుకు పోతే అత్తను ఎవలు చూస్తరు, బిడ్డను ఎవలు చూస్తరు అని ఇన్నేండ్లు నాకు నేను చెప్పుకున్న. మరి అత్త పోయినంక ఎందుకు చెప్పలే? బిడ్డ పెండ్లై పోయినంక ఎందుకు చెప్పలే? నాకోసమే భయపడ్డ. ఇంకో సాకు లేదు.

ఇప్పుడు టీవీల రోజూ లొల్లి. ఏవో దేశాలల్ల గంజాయిని దుకాణాలు పెట్టి అమ్ముతాండ్రట. ఒకలు మందు అంటరు, ఒకలు విషం అంటరు. నేను ఎటు దిక్కు అనాలె? అత్త నిద్ర నేను చూసిన. పక్క గల్లీ పోరడు దానికే అలవాటు వడి అమ్మను కొట్టుడు గూడ చూసిన. మొన్న టీవీ చూసుకుంట మా ఆయన, "చట్టం తీసేస్తే పాపం యాకూబ్ కేసు గూడ కొట్టేస్తరు గావచ్చు" అన్నడు. నాకు ఎంత ఆశ పుట్టిందో! దేవునికి మొక్కిన గూడ. తర్వాత నా మొక్కు నాకే అసయ్యమైంది. సర్కారు చట్టం మారిస్తే నేను నోరు తెరిచే పని తప్పుతదని మొక్కుతానా? ఆకు గురించి ఢిల్లీల ఎట్లన్న తీర్పు చెప్పనీ. తమ్ముడి లెక్క తిరిగినోన్ని గడప ముందట నిలవెట్టి అబద్ధమాడుడు ఏ చట్టంల ఒప్పైతది?

కేసు ఇంకా నడుస్తాంది. తీర్పు దగ్గరికొచ్చిందంటాండ్రు. మోటర్ సైకిల్ ఇంటి ముందట ఆగితే చాలు, పోలీసోళ్లేనని తలుపు సందుల కెల్లి చూస్త. కోర్టుల నిలవడి చెప్పే ధైర్యం నాకున్నదా? ఇయ్యాలైతే లేదు. ఉన్నదని నీకు అబద్ధం చెప్ప.

సంచి తీస్కపోయేటప్పుడు యాకూబ్‌కు అండ్ల ఏమున్నదో తెల్వదు. పెట్టింది నేను. తెలిసి మాది గాదన్నది నేను.

రాసిన. ఇన్నేండ్లు బిగవట్టుకున్నదేదో జర సడలింది. ఊపిరి లోపలిదాక పోతాంది.