నలభై ఎనిమిది దారాల నెమలి

సూలూరు దగ్గర మరమగ్గాలు నడిపే మా తమ్ముడి కొడుకు ఒక సోమవారం ఉదయం వచ్చి, కాఫీ గ్లాసు కింద పెట్టకముందే విషయం చెప్పేశాడు.

"అత్తా, మీరు ఒగ అంచు గీసేకి పది దినాలు అవతాది. టౌన్లో కంప్యూటర్ సెంటర్ వాళ్లు రెండు దినాల్లో ఇస్తామంటారు. ఇంక మీరు రెస్ట్ తీసుకోండి."

"రెస్ట్ నువ్వు తీసుకో రా. పొట్ట పెరగతాండాది. శుక్రవారం దాకా టైం ఇయ్యి. నెమలి అంచు ఇస్తాను. కాకుంటే సెంటర్‌కే పో."

నలభై ఒక్క ఏళ్లుగా, ముందు అతని తండ్రి మగ్గాలకు, ఇప్పుడు అతని మగ్గాలకు, చీరల అంచులు గీస్తున్నది నేనే. అరవై మూడు గ్రాఫ్ నోట్లు నిండాయి. ప్రతి పేజీ మీద తేదీ, నిలువుగా సాగే పడుగు దారాల లెక్క ఉంటాయి. కానీ అతను చెప్పిన పది రోజులు నిజమే. అందులో రెండు రోజులు పాత నమూనా వెతకడానికే పోయేవి.

ఆ రోజే నోట్లలోని నెమళ్లన్నిటికీ ఫోనుతో ఫోటోలు తీశాను. ముప్పై ఒకటి. ప్రతి ఫోటోకు తేదీ, దారాల లెక్క పేరుగా పెట్టాను. ఈ అంచు వెడల్పుకు కావలసిన నలభై ఎనిమిది అని కొడితే నాలుగు నెమళ్లు వచ్చి నిలబడ్డాయి.

మంగళవారం మా కూతురు మిల్లు ఆఫీసుకు పోయేముందు తన లాప్‌టాప్‌లో లెక్కల షీటు తెరిచింది.

"అమ్మా, ఇది నీ గ్రాఫ్ నోటు మాదిరే. ఒగ గడి, ఒగ దారం. నొక్కితే రంగు నిండతాది."

"తప్పు పోతే?"

"ఎనక్కి పోయే బాణం ఉండాది. రబ్బరుతో పేపరు చించేది లేదు."

గడులన్నీ చదరంగా చేసి ఇచ్చి వెళ్లింది. సాయంత్రానికి నెమలి పూర్తయింది. నలభై ఎనిమిది గడుల వెడల్పు, నలభై ఎనిమిది వరుసల ఎత్తు. తెర మీద ముచ్చటగా ఉంది. బుధవారం పొద్దున లెక్క సరిచూసుకుంటే తప్పు బయటపడింది. మా బట్టలో అంగుళానికి పడుగు ఎనభై దారాలు, అడ్డంగా వచ్చే పేక అరవై. మగ్గం మీద గడి చదరంగా రాదు, నిలువుగా సాగుతుంది. గడి వెడల్పు మూడు పాళ్లు, ఎత్తు నాలుగు పాళ్లు చేసి చూశాను. నెమలి ఒంటె అయింది.

కాగితమైతే మొదటి నుంచి మళ్లీ గీయాల్సిందే. ఇక్కడ ఒక నకలు దాచి, నాలుగు వరుసలకు ఒకటి చొప్పున పన్నెండు తీసేశాను. చెదిరిన కన్ను, ముక్కు దిద్దడానికి గంట పట్టింది. ఇంకా రెండు రోజులు మిగిలాయి. పాడైనా పోయేదేమీ లేదు కనుక, ఇన్నేళ్లూ ధైర్యం చెయ్యని పని చేశాను. నెమలి మెడను వెనక్కి తిప్పాను. మూడోసారికి కుదిరింది.

శుక్రవారం పది గంటలకు తమ్ముడి కొడుకు వచ్చి తెర ముందు కూర్చున్నాడు. వేలితో గడులు లెక్కపెట్టాడు.

"ముప్పై ఆరు వరుసలేనా?"

"అరవై పేకకు అంతే. సెంటర్ వాళ్లు నీ పేక ఎంతని అడిగినారా?"

"లేదత్తా." నెమలి మెడ మీద వేలు పెట్టాడు. "ఇది ఎనక్కి ఎందుకు చూస్తాండాది?"

"నువ్వు ఆర్డరు ఎవరికిస్తావో చూస్తాండాది."

నవ్వి ఫోను తీశాడు. సెంటర్‌కు వద్దని నా ముందే చెప్పాడు. నేను ఫైలుకు తేదీ, నలభై ఎనిమిది, ముప్పై ఆరు అని పేరు పెట్టి అతనికి పంపాను.